గంధమా, వట్టివేరా

ఇరవై రెండు రోజుల క్రితం, గురువారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నేను రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక అత్తరు దుకాణం మెట్టెక్కాను. ఉష్ణోగ్రత ముప్పై ఆరు డిగ్రీలు. గాలిలో తేమ డెబ్బై ఒక్క శాతం. ఆకాశంలో మూడు వంతులు మబ్బు, చినుకు లేదు. గోదావరి నాలుగు వందల గజాల దూరంలోనే ఉన్నా ఆకు కదలడం లేదు. ముప్పై నాలుగేళ్ళు ఒక కార్యాలయంలో వర్షపాతం పట్టీలు రాసినదాన్ని కనుక ఇటువంటివి ముందుగా రాసుకోనిదే నాకు తర్వాతి మాట తోచదు.

దుకాణం యజమానిది నా వయసే ఉంటుంది, డెబ్బై ఒకటికి అటూ ఇటూ. ఆయన అద్దాల బీరువాలోంచి రెండు చిన్న సీసాలు తీసి, గాజు పుల్లతో ఒక్కొక్క చుక్క నా ముంజేతుల మీద పెట్టారు. ఎడమ చేతి మీద వట్టివేరు, కుడి చేతి మీద గంధం.

"వెంటనే చూడకండమ్మా, ఒక నిమిషం ఆగండి. ముందు ఈ చెయ్యి, తరవాత మీ చీర కొంగు, ఆ తరవాత ఆ చెయ్యి. మధ్యలో కొంగు చూడకపోతే ముక్కు రెంటినీ కలిపేస్తుందండి."

ఆయన చెప్పినట్టే చేశాను. "రెండూ దగ్గర దగ్గరగానే ఉన్నాయండీ."

"ఒక్క ఇంటివే కదండీ మరి! ఒకటి చెట్టు, ఒకటి వేరు. ఇంతకీ ఎవరికండీ?"

"మా మేనత్తగారికి. ఎనభై ఆరేళ్ళు."

"ఇంకేమండీ, వట్టివేరు పట్టుకెళ్ళండి. పెద్దాళ్ళు చలవగా ఉంటుందని అదే అడుగుతారు. లేదంటే రెండూ పట్టుకెళ్ళిపోండి. ఏది కావాలో ఆవిడే చెప్తారు."

రెండూ కొనే వీలు లేదు. అంతకు రెండు రోజుల ముందు మండపేట నుంచి అత్తయ్య ఫోను చేసింది. మా బాబాయిగారి అబ్బాయీ, మరదలూ ఉంటున్న ఇంట్లోనే ఉంటోంది ఆమె.

"ఏమే పిల్లా, రాజమండ్రిలో మంచి అత్తరు దొరుకుతుందటగా? ఒక చిన్న సీసా పట్టుకురా. ఒకటే. రెండు తెచ్చావంటే ఒకటి నీ మొహాన్నే కొడతాను."

"ఏది తేను అత్తయ్యా?"

"అదేంటే, నీకు తెలీదా?" అని ఫోను పెట్టేసింది.

నాకు జ్ఞానం తెలిసినప్పటి నుంచి అత్తయ్య ఎవరినీ ఏదీ అడిగిన జ్ఞాపకం లేదు. ఎనభై ఆరేళ్ళకు నోరు తెరిచి అడిగిన ఒక్క వస్తువు ఇది. ఇందులో పొరపాటు జరగకూడదు. నాకు తెలుసుననే అనుకుని బయలుదేరాను. వట్టివేరు, ఇంకేముంటుంది? అయితే రెండో సీసా చుక్క కుడి ముంజేతి మీద ఆరుతుండగా, అరవై రెండేళ్ళుగా నాకు తెలుసునని నమ్మిన సంగతి నిజంగా తెలుసునా అనే అనుమానం పుట్టింది. గోడ పక్కన బెంచీ ఉంది. యజమాని అనుమతి తీసుకుని కూర్చున్నాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అత్తయ్యకు ఇరవై నాలుగు. మా ఊరు మండపేటకు నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ ఒడ్డున ఉండేది. పెళ్ళయిన మూడో ఏట భర్త పోవడంతో అత్తయ్య ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చేసింది. ఆ పెట్టె మూత తీస్తే వట్టివేరు వాసన గుప్పుమనేది.

అత్తయ్యకు ఆ వేళ్ళ మీద ఉన్న శ్రద్ధ ఇంట్లో మరెవరికీ లేదు. వేసవిలో కాలవ కట్టేశాక, గట్టు మీద పెరిగిన వట్టివేరు దుబ్బులను గునపంతో పెకలించి తెచ్చేది. నేను వెంట వెళ్ళేదాన్ని. మట్టి దులిపి, నాలుగు నీళ్ళు మార్చి కడిగి, మూడు రోజులు నీడన ఆరబెట్టి, చిన్న చిన్న జడల్లా అల్లేది. ఒక జడ మంచినీళ్ళ కుండలో, ఒకటి తలగడ కింద, మిగిలినవన్నీ పెట్టెలో. ఆమె పక్కన పడుకుంటే తొలకరికి తడిసిన పొలం మీద పడుకున్నట్టుండేది.

కుండలో వేస్తే నీళ్ళు అంత బాగుంటున్నాయి కదా అని ఒకసారి నేను ఎవరికీ చెప్పకుండా మజ్జిగ కుండలో రెండు జడలు వేశాను. మధ్యాహ్నం తాతయ్య గ్లాసుడు తాగి, మూతి తుడుచుకుని, "ఏంటే ఇవాళ మజ్జిగ, కాలవగట్టు కలుపుకు తాగినట్టుంది?" అన్నారు. అమ్మ గరిటెతో కుండ అడుగు తడిమి ఆ జడలు పైకి తీసేసరికి నేను పెరటి గోడ దాటేశాను. అత్తయ్య మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది. మా ఇంటికి వచ్చిన తర్వాత ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూసింది అదే మొదలు.

భర్త పోయిన మనిషికి అప్పట్లో పూలు లేవు, పసుపు లేదు, గంధం లేదు. వట్టివేరును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అది సింగారం కాదు, వేరు. పైగా చలవ. ఆ సందులోంచి ఒక పరిమళం ఆమె పెట్టెలోకి చేరింది. ఇంత మాట అనుకోవడానికి నాకు ఈ వయసు రావలసి వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు నాకు తెలిసిందల్లా, అత్తయ్య అంటే వట్టివేరు.

ఆ ఏడాది బాబాయికి పెళ్ళయింది. శ్రావణమాసం రాగానే కొత్త కోడలైన పిన్ని చేత మా మామ్మ మంగళగౌరి నోము పట్టించింది. నాలుగు మంగళవారాలు, నాలుగు పేరంటాలు. ముందురోజే శనగలు నానేవి. తెల్లవారుజామున పూర్ణం ఉడుకుతున్న వాసన వీధి అరుగు దాకా వచ్చేది. చలిమిడి జ్యోతులు వెలిగించి, ఆ మంట మీద నెయ్యి రాసిన అట్లకాడ పట్టి కాటుక తీసేవారు. పసుపు రాసే పని అమ్మది, వాయనం పిన్నిది. గంధం గిన్నె మామ్మ నా చేతికిచ్చింది.

"జాగర్తే. కిందటేడు ఎవరికో గంధం రాయడం మర్చిపోయారని ఆవిడ సంక్రాంతి దాకా మూతి ముడుచుక్కూర్చుంది. ఇంట్లో ఉన్న ఏ ఒక్క ఆడమనిషినీ వదలకూడదు. లెక్క చూసుకో."

లెక్క చూసుకోమని నాతో అన్న మొదటి మనిషి మా మామ్మ.

ఆ గంధం తీసేది అత్తయ్య. మామ్మకు మణికట్టు నొప్పి. అమ్మకు వంట. అందుకని తెల్లవారకముందే అత్తయ్య వంటింటి వెనక వసారాలో సాన ముందేసుకుని కూర్చునేది. నీటి చుక్క వేయడం, చెక్కను గుండ్రంగా తిప్పడం, వచ్చినదాన్ని వేలితో గిన్నెలోకి తోయడం. పదిహేను మందికి సరిపడా తీయడానికి గోడ గడియారం ప్రకారం గంటా ఇరవై నిమిషాలు పట్టేది. పేరంటాళ్ళ అడుగుల చప్పుడు వినబడగానే ఆమె గిన్నె నా చేతిలో పెట్టి, వసారా తలుపు దగ్గరగా వేసుకుని అక్కడే ఉండిపోయేది.

మొదటి మంగళవారం నేను వచ్చినవారందరి మెడలకూ గంధం రాస్తూ, ఒక్కొక్కరికి తలుపు వెనక సుద్దముక్కతో ఒక్కొక్క గీత గీశాను. వచ్చినవారు పదిమంది. మామ్మ, అమ్మ, పిన్ని ముగ్గురు. పదమూడు గీతలు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఆడవాళ్ళను లెక్కపెట్టాను. పద్నాలుగు. ఒకటి తగ్గింది. నన్ను వదిలేసినా తగ్గింది. మళ్ళీ లెక్కపెట్టి, ఎవరో తేలాక, గిన్నె పట్టుకుని వసారాలోకి పరుగెత్తాను.

అత్తయ్య బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను వెనక నుంచి వెళ్ళి మెడ మీద గంధం రాసేశాను.

ఆమె చేటలోంచి చెయ్యి తీయలేదు.

"ఎవరు రాయమన్నారే?"

"మామ్మే. ఎవర్నీ వదలొద్దంది. నువ్వు పద్నాలుగు."

"మీ మామ్మ చెప్పిన లెక్కలో నేను ఉండనే పిచ్చిపిల్లా."

"ఇంట్లో ఉన్నావుగా మరి?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. మంచినీళ్ళ కుండలోంచి వట్టివేరు జడ తీసి, తడిగా ఉన్నదాన్ని మెడకు అద్దుకుంది. గంధం వాసన దాని కిందకు పోయింది. "ఎవరితోనూ అనకు" అంది. నేను తలుపు వెనక పద్నాలుగో గీత గీశాను.

రెండో మంగళవారం వచ్చినవారు ఎనిమిది, ఇంటివారు ముగ్గురు. "వద్దే, నా మాట విను" అని అత్తయ్య చేతులు అడ్డం పెట్టింది. "లెక్క తప్పుతుంది" అని నేను పట్టుబట్టాను. "నీ లెక్క దొంగలెత్తుకెళ్ళా! సరే, ఒక్క చుక్క, ముడి కింద, కనబడకుండా" అని తల వంచింది. పన్నెండు.

మూడో మంగళవారం జోరున వాన. ఐదుగురే వచ్చారు. వారిలో పక్కవీధి పెద్దావిడ ఒకరు. ఊళ్ళో ఎవరింట్లో పోపు మాడినా ఆవిడకు ముందు తెలిసేది. కాళ్ళు కడుక్కునే నెపంతో ఆవిడ నేరుగా వసారాలోకి వచ్చేసరికి నా వేలు ఇంకా అత్తయ్య ముడి కిందే ఉంది. చటుక్కున వెనక్కి తీసుకున్నాను.

"ఏంటమ్మాయ్, ఇక్కడ గంధం ఘుమఘుమలాడిపోతోంది?"

"తీసింది నేనే కదండీ" అంది అత్తయ్య.

"తీస్తే చేతికి రావాలి వాసన. మెడకెందుకొస్తుందంట?"

"చెమట పట్టి తుడుచుకున్నానండి."

"ఈ వానలో చెమటా!" అని ఆవిడ ముక్కు ఎగబీల్చి, గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి కేకేసింది. "ఏమండోయ్, నోముకి గంధం ఈ పిల్ల చేతే తీయిస్తున్నారా? కొత్త కోడలి నోమండీ! కాస్త చూసుకోవద్దూ?"

మామ్మ పూజ దగ్గర నుంచి వచ్చింది. అత్తయ్యను చూసింది, నన్ను చూసింది, నా గంధపు వేలు చూసింది. "మీరు లోపలికి రండి, వాయనం అందుకుందురుగాని" అని మాత్రం అని పెద్దావిడను తీసుకుపోయింది.

ఆ వారం రోజులూ మామ్మ ఆ మాటే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఆ నోములో అత్తయ్యకు మిగిలిన భాగం ఒక్కటే, తెల్లవారుజామున సాన ముందు కూర్చునే గంటా ఇరవై నిమిషాలు. నా మూలంగా అది కూడా పోతుందని నా భయం. అత్తయ్య మాత్రం ఎప్పటిలాగే ఉంది. వట్టివేరు జడలు విప్పి, మళ్ళీ అల్లుతూ కూర్చుంది.

నాలుగో మంగళవారం నేను లేచేసరికి, నేను భయపడ్డట్టే జరిగింది. సాన ముందు మామ్మ కూర్చుని ఉంది. అత్తయ్య గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, నీ చెయ్యి వాస్తుందే. నేను తీస్తానుగా."

"నువ్వెళ్ళి ఆ శనగలు వడకట్టు."

"నాలుగు తిప్పులు తిప్పలేవు..."

"వెళ్ళమన్నానా!"

మామ్మ రెండు గంటలు తీసింది. మధ్యలో తొమ్మిదిసార్లు ఆగి మణికట్టు ఒత్తుకుంది. నేను పక్కనే ఉండి లెక్కపెట్టాను. చివరి పేరంటం కనుక వీధి వీధంతా వచ్చింది. పదముగ్గురు వచ్చారు, ఇంటివారు ముగ్గురు. పదహారు గీతలు గీసి సుద్దముక్క కింద పెట్టేశాను. వసారా వైపు వెళ్ళే ధైర్యం లేకపోయింది.

అందరూ కబుర్లలో పడ్డాక మామ్మ నన్ను తలుపు పక్కకు పిలిచింది.

"ఎంతమందయ్యారే?"

"పదహారు."

"తప్పు. మళ్ళీ చూసుకో."

"పదహారే మామ్మా. రెండుసార్లు చూసుకున్నా."

"పదిహేడు" అంది మామ్మ, నా వైపు చూడకుండా, తాంబూలం పళ్ళెంలో తమలపాకులు సర్దుతూ. "గిన్నె అడుగున ఉంది చూడు. ఆరిపోకముందే వెళ్ళు."

నేను వెళ్ళాను. మామ్మ రాలేదు. రాగలిగిన మనిషి కాదు, ఆ రోజుల్లో అది కుదిరే పని కాదు. చెయ్యి వాచేలా గంధం తీసి, గిన్నె అడుగున మిగిల్చి, నా చేత పంపింది. అత్తయ్యకు ఆ సంగతి నేను చెప్పనక్కరలేకపోయింది. మెడ మీద గంధం చల్లగా తగలగానే రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ రోజు తుడుచుకోలేదు. కుండలోని వట్టివేరు జోలికి పోలేదు.

దుకాణంలో బెంచీ మీద నేను కూర్చున్నది నలభై ఐదు నిమిషాలు. పావుగంటకొకసారి ముంజేతులు వాసన చూసుకున్నాను. మొదటి పావుగంటలో వట్టివేరుదే పైచేయి; తడి మట్టి, పొగ, నీడ. గంధం దాదాపు లేనట్టే ఉంది. నలభై ఐదో నిమిషానికి వట్టివేరు పలచబడింది. గంధం మాత్రం పాల మీగడలా చర్మానికి పట్టేసి అక్కడే ఉంది.

లెక్క చూసుకున్నాను. అత్తయ్య వట్టివేరు వాడిన వేసవులు, నాకు తెలిసినంతలో, అరవైకి పైన. గంధం ఆమె మెడ మీద పడింది నాలుగు సార్లు. అంకెలను నమ్మే మనిషి తీసుకోవలసిన సీసా ఏదో స్పష్టం. అయినా ఆ అంకె నాకు మింగుడు పడలేదు. రెండు వస్తువులు ముందు పెట్టి, వాటిలో ఒకదాన్ని అరవైసార్లు తీసుకుంటే దాన్ని ఇష్టం అనవచ్చు. అత్తయ్య ముందు రెండోది ఎవరూ పెట్టలేదు. ఆమెకు ఇష్టమైనదీ, ఆమెకు మిగిలినదీ ఒకటేనని నేను ఇన్నేళ్ళూ ఏ ఆధారంతో నమ్మాను?

"గంధం ఇవ్వండి" అన్నాను.

"మంచిదండీ. నిదానంగా ఉంటుంది, నిలబడుతుంది" అంటూ యజమాని సీసాను పాత పేపరులో చుట్టి ఇచ్చారు.

మండపేటకు బస్సులో గంటా పది నిమిషాలు. నేను వెళ్ళేసరికి అత్తయ్య వరండాలో కుర్చీలో ఉంది. పొట్లం విప్పింది. మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"గంధమా?" అంది.

"వట్టివేరు తేవలసిందా?"

"నన్నడిగితే నాకు వట్టివేరే ఇష్టమే పిల్లా. గంధం వాసనొస్తే ఇప్పటికీ నా మణికట్టు లాగుతుంది."

"అయితే రేపే వెళ్ళి మార్చుకొస్తాను. సీసా తెరిచినా దుకాణం ఆయన ఏమీ అనరు."

"కూర్చోవే బాబూ, ఎక్కడికా పరుగు? నాకోసం తెమ్మన్నానని నీకెవరు చెప్పారు?"

"మరి ఎవరికి?"

"తీసే పని నాకిచ్చారు. రాసే గిన్నె నీ చేతిలో పెట్టారు. తొమ్మిదేళ్ళదానివి, అంతమంది మెడలూ నీవే. తలుపు సందులోంచి చూసి కుళ్ళుకు చచ్చేదాన్ని, తెలుసా?" అని నవ్వింది. "అమ్మ నాకోసం తీసింది. నువ్వు నాకు రాశావ్. నేను మాత్రం ఇంతవరకూ ఎవరికీ రాయలేదే. ఇప్పుడిక సాన మీద తీసే ఓపిక లేదు. అందుకని సీసా అడిగాను. ఏదీ, ఇలా వంగు."

నేను కొంచెం వెనక్కి జరిగాను. "నాకెందుకులే అత్తయ్యా."

"వంగవే! ఇంట్లో ఉన్నావుగా?"

వంగాను. చుక్క పడవలసిన చోటే పడింది.

ఆ సాయంత్రం నేను బస్సెక్కేలోగానే మరదలికీ, వంటమనిషికీ, ఎదురింటి ఆవిడకూ రాయడం అయిపోయింది. మర్నాటి నుంచి మరదలు రోజూ రాత్రి భోజనానికి ముందు ఫోను చేసి చెబుతోంది.

"వదినగారూ, ఇవాళ పాలావిడక్కూడా రాసేశారండీ. 'బామ్మగారూ, నా గేదె నన్ను గుర్తుపట్టడం మానేస్తుంది' అని ఒకటే గోల! పక్కింట్లో మొన్నీమధ్య ఆయన పోయారు చూడండి, ఆవిడ మనింటికి రావడానికే మొహమాటపడుతున్నారని, ఈవిడే కర్ర పట్టుకుని వాళ్ళింటికెళ్ళి రాసొచ్చారు."

"ఆవిడ ఏమందే?"

"చాలాసేపు అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నారండీ."

పేర్లు అనవసరమని, తేదీ, వేళ, సంఖ్య మాత్రం నేను ఒక కాగితం మీద రాస్తున్నాను. నిన్న సాయంత్రం ఆరు గంటల వరకు అత్తయ్య చేతి గంధం అందుకున్నవారు ముప్పై ఒక్కరు. వారిలో భర్త లేనివారు తొమ్మిది మంది, నాతో కలిపి.